చీలిన పక్కటెముక

ముందుగా

విరిగిన ఎముక అతుక్కుంటుంది. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ పుట్టుకతోనే రెండు పాయలుగా చీలిన పక్కటెముక, వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి నున్నగా ఒంటిపాయ అయిపోవడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. కోరుట్లలో నా టేబుల్ మీద, రెండు తెరల్లో, పక్కపక్కనే. రెండు స్కాన్ల మీదా ఒకే పేరు: భూమేష్. ఒకే వయసు, ఒకే ఊరు, కథలాపూర్. మొదటిదాంట్లో కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. రెండోదాంట్లో లేదు. గడ్డ కరిగిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఎముక గురించి ఎవరూ అడగలేదు.

నేను రేడియాలజిస్టును. ఇప్పుడు రిటైరయ్యాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మనుషుల ముఖాలకంటే వాళ్ల ఛాతీలే నాకు ఎక్కువ గుర్తు. బజారులో ఎవరైనా "నమస్తే మేడం" అంటే తెల్లముఖం వేస్తాను, అదే స్కాన్ చూపిస్తే ఎవరిదో చెప్పేస్తాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అనుభవాలు రాయమని సతాయిస్తున్నారు. రాస్తాను. సన్మానాల సంగతి మాత్రం రాయను. శాలువాలు బీరువాలో మడతపెట్టి ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి పట్టుకుపోవచ్చు. భూమేష్ సంగతి రాస్తాను. అతని గడ్డ క్యాన్సరా కాదా, అది తేలేలోగా అతను మా చేతికి దొరుకుతాడా లేదా అన్నదే ఇందులో అసలు విషయం. అది అర్థం కావాలంటే అంతకుముందు జరిగినవి కొన్ని చెప్పాలి.

నలిపి చూడటం

మా ఆడబిడ్డ ఒకసారి అడిగింది, "రేడియోమిక్స్ అంటే ఏంది వదినె? ఏదో జబ్బు పేరు లెక్కనే ఉన్నది" అని.

ఆమెకు చెప్పినట్టే మీకూ చెబుతాను. స్కాన్ చూసి మనం గడ్డ ఉందంటాం, ఇంత ఉందంటాం, అంచు గరుకుగా ఉందంటాం. కంటికి అందేది అంతవరకే. కంప్యూటర్ ఆ గడ్డ లోపలి ప్రతి చుక్కనూ పట్టుకుని, అది ఎంత తెల్లగా ఉంది, పక్క చుక్కకూ దానికీ ఎంత తేడా ఉంది అని లెక్కలు కట్టి బోలెడన్ని అంకెలు తీస్తుంది. బట్ట కొనేవాడు రంగు చూస్తాడు. నేసినవాడు రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. ఇది నలిపి చూడటం. ఆ అంకెలను బట్టి ఇది పాత టీబీ మచ్చా, క్యాన్సరా అని ఒక అంచనా వేస్తుంది.

చిక్కల్లా ఎక్కడంటే, ఒకే మనిషిని మూడు ఊళ్లలో మూడు మిషన్ల మీద తీస్తే మూడు రకాల అంకెలు వస్తాయి. ముక్క ఎంత పలుచగా కోశారు, బొమ్మకు ఎంత పదును పెట్టారు, మనిషి ఊపిరి ఎంతవరకు బిగబట్టాడు, గడ్డ చుట్టూ గీత ఎవరు గీశారు, అన్నిటికీ అంకె మారుతుంది. అందరూ ఒకే పద్ధతిలో చేయకపోతే చిలకజోస్యం నయం. చిలక కనీసం మనిషిని భయపెట్టదు. మా మూడు ఊళ్ల మిషన్లను ఆ ఒకే పద్ధతిలోకి తేవడమే నా ఉద్యోగంలో చివరి పని. దానికి పెద్ద, హైదరాబాదు నుంచి వచ్చే ఒక ప్రొఫెసర్. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. మంచివాడు, తెలివిగలవాడు, కానీ అన్నం ఉడక్కముందే విస్తరి వేసే రకం.

ఊరు పట్టేసింది

మొదటి పరీక్షకే మాకు ఒళ్లు జలదరించింది. మూడు ఊళ్ల స్కాన్లలోంచి పేర్లు, ఊర్లు, తేదీలు అన్నీ చెరిపేసి కంప్యూటర్‌కు ఇచ్చాం. వాటిని అది రోగాన్ని బట్టి వేరుచేయాలి. అది చక్కగా మూడు కుప్పలు పోసింది. తీసి చూస్తే ఒకటి జగిత్యాల, ఒకటి కోరుట్ల, ఒకటి సిరిసిల్ల. ఒక్క మనిషి కూడా అటూ ఇటూ కాలేదు. ఊపిరితిత్తిలో ఊరిపేరు ఎక్కడ రాసి ఉంటుంది చెప్పండి?

అంతటితో ఆగలేదు. సిరిసిల్ల కుప్ప మొత్తానికీ "అనుమానం ఎక్కువ" అని ముద్ర వేసింది. పెద్దసారు ఎగిరి గంతేశాడు. "మేడం, ఇది మరమగ్గాల నూగు! జీవితమంతా ఆ గాలి పీల్చిన ఊపిరితిత్తులు. మన కంటికి కనపడనిది ఇది పట్టేసింది!"

ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను మాత్రం పేర్ల జాబితా తీసి చూశాను. ఆ కుప్పలో సిరిసిల్లకు బదిలీ మీద వచ్చి ఇంకా సామాన్లు కూడా విప్పని బ్యాంకు మేనేజరు ఉన్నాడు. గంభీరావుపేట నుంచి వచ్చిన రైతులు ఉన్నారు. వాళ్లు మగ్గం మొహం చూసి ఎరగరు. వాళ్లందరికీ నూగు ఎక్కడిది?

నేను సిరిసిల్ల వెళ్లి శంకర్ పక్కన కూర్చున్నాను. శంకర్ అక్కడి టెక్నీషియన్, చేతివేగం గలవాడు, నోటివేగం అంతకంటే ఎక్కువ. మిషన్ బొమ్మ తయారు చేసేటప్పుడు ఎంత పదును పెట్టాలో ఒక మీట ఉంటుంది. ఊపిరితిత్తికి ఒకటి, ఎముకకు ఒకటి. వీడు అందరికీ ఎముక మీటే నొక్కుతున్నాడు.

"ఇదేంది శంకరూ?"

"ఈడి డాక్టర్లకు గట్లైతేనే ఇష్టం మేడం. బొమ్మ కండ్లకు కొట్టినట్టు ఉండాలె. మెత్తగ పెడితే 'ఏందిర, మీ మిషన్ ముసలిదైందా' అంటున్నరు."

అంతే. రోగం మీటలో ఉంది, మనుషుల్లో లేదు. ఒక ఊరు ఊరంతటికీ క్యాన్సరు అంటగట్టి పేపర్లో రాసేసేవాళ్లం. కంప్యూటర్ ఏదో అద్భుతం కనిపెట్టిందని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, ముందు వెళ్లి టెక్నీషియన్ పక్కన కూర్చోండి. టీ కూడా ఇస్తారు.

పోశెట్టి గొంతు

తరువాత ఊపిరి సంగతి. ఛాతీ స్కాన్‌లో మనిషి ఊపిరి బిగబట్టాలి. జగిత్యాలలో మిషన్ హిందీలో చెప్పేది. సిరిసిల్లలో కంపెనీవాడు పెట్టిన ఇంగ్లిషు గొంతు. అది విని మా ముసలవ్వలు లోపల పడుకునే "ఆఁ? ఎవలు?" అనేవాళ్లు. బొమ్మ అంతా అలుక్కుపోయేది. ఒక్క కోరుట్లలోనే అందరూ బుద్ధిగా ఊపిరి బిగబట్టేవాళ్లు. ఎందుకంటే అక్కడ పోశెట్టి గొంతు ఉంది.

పోశెట్టి మా కోరుట్ల టెక్నీషియన్. అరిచి అరిచి గొంతు పోతోందని ఒకనాడు మిషన్‌లోనే రికార్డు చేసి పెట్టుకున్నాడు. "ఊపిరి గుంజు... బిగవట్టు... కదలకు... ఆఁ, ఇగ ఇడువు." గట్టిగా, ఇంటి పెద్దకొడుకు చెప్పినట్టు ఉండేది. ఆ తరువాత గుండెపోటుతో పోయాడు. గొంతు మాత్రం మిషన్‌లో ఉండిపోయింది. తీసేయడానికి ఎవరికీ చేయి రాలేదు.

ఒకే పద్ధతి కావాలన్నప్పుడు, అందరూ ఒకేలా ఊపిరి బిగబట్టే గొంతు అదొక్కటే. మూడు ఊళ్లలోనూ అదే పెట్టాం. పెట్టిన మొదటి రోజు జగిత్యాలలో అద్దం ఇవతల నిలబడి విన్నాను. పోయిన మనిషి చెబుతుంటే బతికున్నవాళ్లు ఊపిరి ఆపుతున్నారు, ఇడువు అంటే వదులుతున్నారు. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పోశెట్టి భార్య ఒకసారి స్కాన్‌కు వచ్చింది. గొంతు ఆపేయనా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"ఉండనియుండ్రి మేడం. ఇంట్ల ఉన్నప్పుడు గింత మంచిగ ఎన్నడు మాట్లాడిండు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

పెసల డబ్బా

మూడు మిషన్లూ ఒకే కొలత చూపుతున్నాయో లేదో తెలియాలంటే, మారని వస్తువు ఒకటి మూడింట్లోనూ పెట్టి తీయాలి. దానికి కంపెనీలు మనిషి ఛాతీలాంటి బొమ్మను తయారుచేసి అమ్ముతాయి. మాకు వస్తుందన్నారు, వస్తుందన్నారు, రాలేదు. సర్కారు సంగతి మీకు తెలియనిది కాదు. మనమే ఒకటి చేసుకుందామని అందరం కలిసి అనుకున్నాం. మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెసలు పోసి, మధ్యలో చింతగింజలు, నాలుగు పసుపు కొమ్ములు, ఒక మైనం ముద్ద పెట్టాం. చుట్టూ టేపు చుట్టాం. మా వైపు ఇంట్లో పెసలు, పసుపు లేని రోజంటూ ఉండదు కదా, చేతికి అందినవి అవే.

మొదట్లో డబ్బా బ్రహ్మాండంగా పనిచేసింది. మూడు ఊళ్లు తిరిగివచ్చి ఒకే అంకెలు ఇచ్చింది. సిరిసిల్లలో ఊడ్చే ఆయమ్మ ఎవరో దానికి బొట్టు కూడా పెట్టింది. లోపలికి వెళ్లే పేషెంట్లు దానికి దండం పెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టారు. వద్దంటే వినేవాళ్లు ఎవరు?

కొన్ని వారాలు గడిచాక అంకెలు కదలడం మొదలైంది. జగిత్యాలలో కొంచెం, కోరుట్లలో ఇంకొంచెం, సిరిసిల్లలో మరికాస్త. ఎప్పుడు తీసినా వెనుకటికంటే ఎక్కువే. కంప్యూటర్ ఆ డబ్బాను కూడా ఒక ఊపిరితిత్తే అనుకుంటుంది కదా, "వ్యాపిస్తోంది" అని చూపించింది. మూడు మిషన్లూ కూడబలుక్కుని ఒకేసారి చెడిపోతాయా అని పెద్దసారు జుట్టు పీక్కున్నాడు. మిషన్లన్నింటినీ వెనక్కి సరిచేసే లెక్క ఒకటి రాస్తానన్నాడు. ఇదంతా అవుతుంటే శంకర్ డబ్బాను చెవి దగ్గర పెట్టుకున్నాడు. వాడి ముఖం పాలిపోయింది.

"మేడం, లోపట ఏదో గీరుకుంటున్నది."

టేపు విప్పి మూత తీశాం. పిండి. పెసలన్నిటికీ సూదిబెజ్జాలు. నల్లటి పురుగులు డబ్బా అంచు మీదికి పాకి వచ్చాయి. ఆయమ్మ రెండు చేతులూ జోడించింది.

"డబ్బకు పానం అచ్చింది గదనే" అన్నాడు శంకర్.

నవ్వాం. నవ్వాక నేను ఆలోచనలో పడ్డాను. మిషన్ అబద్ధం చెప్పలేదు. లోపల నిజంగానే ఏదో తొలుస్తోంది, అది ఉన్నదున్నట్టు చెప్పింది. దాన్ని తప్పనుకుని సరిచేయబోయింది మనం. ఆ రోజు ఈ మాట పెద్దసారుతో అంటే, "అవునవును" అని ఫోను చూసుకున్నాడు.

డబ్బా పోయాక కొలబద్ద దేన్ని పెట్టాలన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. చివరికి పేషెంటు వెన్నుపూసనే పెట్టుకున్నాం. గడ్డ మారుతుంది, ఊపిరి మారుతుంది, కానీ నడివయసు మనిషి వెన్నుపూస గట్టిదనం కొద్ది నెలల్లో ఊరికే మారదు. ప్రతి ఛాతీ స్కాన్‌లోనూ అదే పూస మీద చిన్న గుండ్రం గీసి అంకె తీయాలి. పాత స్కాన్ అంకెతో అది కలిస్తే మిషన్ బాగుందని లెక్క, కలవకపోతే తప్పు వెతకాలి. మొత్తం కార్యక్రమంలో ఇప్పటికీ నేను మంచి పని అనుకునేది ఇదొక్కటే.

భూమేష్

భూమేష్‌ది కథలాపూర్. వయసులో ఉన్నప్పుడు సిరిసిల్లలో సాంచలు నడిపాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. తరువాత గల్ఫ్ వెళ్లాడు. సెలవు మీద వచ్చి దగ్గుతుంటే, భార్య లక్ష్మి రెక్క పట్టుకుని కోరుట్లకు తీసుకొచ్చింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ కనిపించింది. అదే వైపు నాలుగో పక్కటెముక ముందు కొసన రెండు పాయలుగా చీలి ఉంది. పుట్టుకతో కొందరికి ఉంటుంది, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. భయపడతాడేమోనని ఆ మాట నేనే అతనికి చెప్పాను.

"రెండు పాయలా మేడం? గందుకేనేమో సగం ఈడ, సగం దుబాయ్‌ల బతుకుతున్న" అని పడీపడీ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. లక్ష్మి వీపు నిమిరింది.

ఆ గడ్డ నాకు నచ్చలేదు. కంప్యూటర్ అంచనా కూడా ఎటూ తేల్చలేదు. కళ్లె పరీక్షలో ఏమీ దొరకలేదు. ఛాతీ డాక్టరు టీబీ మందులు మొదలుపెట్టి, కొన్నాళ్లయ్యాక మళ్లీ స్కాన్ తీయమన్నాడు. తగ్గితే సరి, తగ్గకపోతే సూదితో ముక్క తీయాలి. అప్పటిదాకా గల్ఫ్ ప్రయాణం లేదని గట్టిగా చెప్పి పంపాం.

రెండో స్కాన్ సిరిసిల్లలో తీశారు. తమ్ముడు రాజేశం అక్కడే సాంచలు నడుపుతాడు, వాడింటికి పోయినప్పుడు తీయించుకున్నాడని చెప్పారు. రిపోర్టు ఇచ్చింది అక్కడి డ్యూటీ డాక్టరు: గడ్డ లేదు, ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. భూమేష్ విమానం ఎక్కేశాడు. లక్ష్మి వేములవాడ గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చి, ప్రసాదం పట్టుకుని మా సెంటర్‌కు వచ్చింది. ఆయమ్మ నుంచి వాచ్‌మన్ దాకా అందరి చేతుల్లోనూ పెట్టింది.

"మీ చేతి చలువ మేడం. దేవుడు సల్లగ సూసిండు" అంది. నేనూ కళ్లకద్దుకుని తిన్నాను.

కొన్ని రోజులకు మా లెక్కల్లో భూమేష్ వెన్నుపూస అంకె కలవలేదు. రెండో స్కాన్‌లో ఎముక గట్టిగా ఉంది. కొంచెం కాదు, వయసు వెనక్కి పోయినంత గట్టిగా.

"సిరిసిల్ల మిషన్ మళ్లీ జరిగినట్టుంది. సరిచేసే లెక్క వేసేస్తాను" అన్నాడు పెద్దసారు.

అదే రోజు అదే మిషన్ మీద తీసిన మిగతావాళ్ల పూసలు చూశాను. అన్నీ పాతవాటితో కలిశాయి. ఆ మాటే ఆయనతో అన్నాను.

"అయితే ఇదొక్కటే కదా మేడం. ఒక్కటి తీసేస్తే పోయేదేముంది? మిగతావన్నీ అద్దంలా కలుస్తున్నాయి."

"పెసల డబ్బా అప్పుడూ సరిచేసే లెక్కే రాస్తానన్నారు సార్" అన్నాను. ఆయన ముఖం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ అనుకుని రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టాను.

పట్టపగలు, బయట బస్సుల హారన్లు, పక్క గదిలో ఎవరో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నారు. నేను పక్కటెముకలు పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. మొదటి తెరలో నాలుగోది చీలి ఉంది. రెండో తెరలో నాలుగోది నున్నగా, ఒంటిపాయగా ఉంది. మళ్లీ లెక్కపెట్టాను. గడ్డ మందులకు కరుగుతుంది, మొక్కులకు కరుగుతుందంటే కూడా నేను వాదించను. పుట్టుకతో వచ్చిన చీలిక ఏ మందుకు అతుక్కుంటుంది? భూమేష్ పేరు పెట్టుకుని ఎవరో నా ముందు పడుకుని ఉన్నారు. ఊపిరి బిగబట్టుకుని, కదలకుండా.

వెంటనే శంకర్‌కు ఫోను చేశాను.

"అడిగిన మేడం. పేరడిగిన, నాయన పేరడిగిన. టక్కున చెప్పిండు."

"ఆధార్ సూడలేదా?"

"సూసిన. ఆధార్ ఫోటల నన్ను నేనే గుర్తువట్ట మేడం!" అని, గొంతు తగ్గించాడు. "గని ఒక్కటి. ఆయన తలల నూగు ఉండె. గల్ఫ్ నుంచి అచ్చినోనికి నూగెక్కడిదని అనుకున్న."

నాయన పేరు నిజమే చెప్పాడు. ఒకే నాయన మరి.

రాజేశం

రాజేశంను పిలిపిస్తే వచ్చాడు. అన్న పోలికే, కాస్త చిన్నవాడు, జుట్టులో అదే నూగు. దాచడానికి ఏ ప్రయత్నమూ చేయలేదు. తప్పు చేశానని కూడా వాడికి అనిపించినట్టు లేదు.

"అవు మేడం, నేనే పన్న. అన్నకు దగ్గు తగ్గింది, మంచిగ తింటున్నడు. సెలవు అయిపోవట్టె, కంపిని రిపోర్టు అడుగవట్టె. మల్ల ఏమన్న మచ్చ ఉన్నదంటే వీసా పోతదని భయపడ్డడు. కోరుట్లల అయితే మీరు గుర్తువడ్తరు, గందుకే ఈడ తీయించినం."

"ఒకరి బదులు ఒకరు పండుకునే పనా ఇది?" నా గొంతు పెరిగింది.

"మాకు అలవాటే గద మేడం. నాకు జెరమొస్తె నా సాంచ అన్న నడిపిండు, అన్నకు పనివడితె అన్న సాంచ నేను నడిపిన. బట్ట ఎవలు నేసిన బట్టనే. వదినకు తెల్వది, ఆమెను ఏమనకుండ్రి."

నేను రెండు తెరలూ చూపించాను. ఇది మీ అన్న, ఇది నువ్వు అన్నాను. గడ్డను చూపించాను. అది మందులకు తగ్గిందో లేదో ఎవరమూ చూడనే లేదని చెప్పాను. వాడు అక్కడే, నా ముందే, అన్నకు వీడియో కాల్ చేశాడు. భూమేష్ ఏదో ఇనుప మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. "ఏం మేడం, మంచిగున్నరా" అని నవ్వబోయాడు, దగ్గు వచ్చింది.

తిరిగి రమ్మన్నాను. బతిమాలాను, తిట్టాను. వస్తానన్నాడు. కంపెనీ వాడు వదిలి, టికెట్ దొరికి వచ్చేసరికి ఆలస్యమైంది. కోరుట్లలో స్కాన్ తీస్తుంటే అద్దం ఇవతల నేను, రాజేశం, లక్ష్మి నిలబడ్డాం. లోపల పోశెట్టి గొంతు బిగవట్టు అంటోంది. తెర మీదికి మొదట పక్కటెముకలు వచ్చాయి. నాలుగోది చీలి ఉంది. ఆ చీలిక చూసి, సొంతమనిషి ఇల్లు చేరినట్టు, ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. తరువాత గడ్డ వచ్చింది. పెరిగింది. కాలేయంలో కూడా మచ్చలు ఉన్నాయి.

ముక్క తీస్తే క్యాన్సరే. సిరిసిల్లలో ఆ రోజు పడుకోవలసిన మనిషే పడుకుని ఉంటే కోసి తీసేసేవాళ్లమా? బహుశా తీసేసేవాళ్లం. కచ్చితంగా అని చెప్పలేను, చెప్పను కూడా. భూమేష్ మరుసటి వానాకాలంలో ఇంట్లోనే పోయాడు. లక్ష్మి నన్ను చూసి ఒక్కటే అంది: "ఉట్టిదానికి ప్రసాదం పంచిన మేడం."

పిల్లలకు చెప్పదలచింది

ఒకే పద్ధతి అంటే అన్నీ ఒకేలా కనపడేట్టు చేయడం అనుకుంటారు మీరు. మా పెద్దసారూ అలాగే అనుకున్నాడు. అంకె కలవకపోతే సరిచేసే లెక్కలు మీ దగ్గర ఇప్పుడు బోలెడు. వాడండి, వద్దనను. కానీ మిషన్ తెచ్చిన తేడా ఏదో, మనిషి తెచ్చిన తేడా ఏదో తెలుసుకోకుండా తుడిచేయకండి. తుడిచేసిన తేడాలో ఒక్కోసారి మనిషి ఉంటాడు. ఇప్పుడు మా మూడు ఊళ్లలో గడ్డ చుట్టూ గీత గీసేముందు పాత స్కాన్ పక్కన పెట్టి, ఎముకలు కలిశాయా అని చూడటం నియమం. పెద్దసారే దాన్ని మొదటి నియమంగా రాశాడు. అందుకు ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది. మిగతా సగం ఉంది.

చివరికి

నేను రిటైరయ్యే రోజుల్లో రాజేశం మళ్లీ వచ్చాడు. అన్న బొమ్మ ఒకసారి చూస్తానన్నాడు. పేరు కొట్టి తీశాను. మొదట వచ్చింది ఆ సిరిసిల్ల స్కాన్. శుభ్రమైన ఊపిరితిత్తులు, పైన ఇంకా భూమేష్ పేరే, మార్చడం నేనే మరిచిపోయాను. ఇది మీ అన్నది కాదు, నీదే అన్నాను.

"ఎరికే మేడం" అన్నాడు. తెరకేసి చూస్తూనే ఉన్నాడు. "గీ పేరు మార్చకుండ్రి. గట్లనే ఉండనియుండ్రి. ఒక్కకాడన్న మా అన్న మంచిగున్నట్టు ఉంటది."

ఊఁ అనాలనిపించింది. అనలేదు.

"ఉంచలేను రాజేశం. గిది గట్లనే ఉంటే, గసొంటి గడ్డ మందులకు కరిగిపోతదని మిషన్ నేర్సుకుంటది. రేపు ఇంకోలకు గదే చెప్తది. వాళ్లు గూడ సంబురంగ ఇమానం ఎక్కుతరు."

వాడు తల వంచుకున్నాడు. "మార్చుండ్రి మరి. నా పేరే పెట్టుండ్రి" అన్నాడు.

వాడి ముందే మార్చాను. తెర మీద భూమేష్ పోయి రాజేశం వచ్చింది. వాడు చొక్కా మీదుగా కుడివైపు పక్కటెముకల మీద చేయి పెట్టుకుని తడుముకున్నాడు.

"లోపట గా గొంతు ఎవలది మేడం?"

చెప్పాను. పోశెట్టిదని, అతను ఇప్పుడు లేడని.

"గా రోజు బిగవట్టు అన్నది ఇన్న. ఇడువు అన్నది నాకు ఇనవడలే మేడం. భయానికి చెవులు మూసుకపోయినయో ఏమో. మిషన్ల నుంచి బయటికచ్చిన, అన్నను ఇమానం ఎక్కిచ్చిన, మల్ల తీసుకచ్చిన, పాడె మోసిన. గప్పటి సంది గట్లనే బిగవట్టుకోని ఉన్న."

నేను లేచి వెళ్లి వాడి వీపు మీద చేయి వేశాను.

"ఇగ ఇడువు కొడుకా" అన్నాను.

అప్పుడు ఏడ్చాడు. హాలులో కూర్చున్నవాళ్లంతా లేచి తలుపు దాకా వచ్చేంత గట్టిగా.